టమాటాల లారీ

దినపత్రికను పాఠంలోకి ఎలా తేవాలో టీచర్లకు నేర్పడం ఆవిడ పని. అంతకుముందు చాలా ఏళ్లు పత్రికాఫీసులో చేసింది. టీచర్లందరికీ ఆవిడ 'పేపరమ్మ'. నవ్విస్తూ నేర్పుతుందని పేరు. ఆ పేరు తెచ్చింది ఒక పాత వార్త. మలుపులో లారీ బోల్తాపడి వీధినిండా టమాటాలు దొర్లితే, జనం బకెట్లు పట్టుకుని పరుగులు తీసిన వైనం అది. దాని జిరాక్సులు బల్లబల్లకీ పంచి, "అదిరిపోయే హెడ్డింగ్ పెట్టండి చూద్దాం!" అనేది.

ఆ రోజూ అలాగే అంది. లెక్కల మాస్టారు లేచి, "నేలకు దిగిన టమాటా ధర!" అన్నాడు. హాలు ఘొల్లుమంది. పేపరమ్మా పగలబడి నవ్వింది.

వెనక బల్ల దగ్గర ఒక టీచరు మాత్రం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"ఏమ్మా, మీ హెడ్డింగ్ ఇంకా కాలేదా?"

"ఇందులో చివరి ముక్క లేదండీ."

ఆస్పత్రికి చేర్చేలోపే డ్రైవర్ చనిపోయాడన్నది ఆ ముక్క. పాఠం సరదాగా సాగాలని కత్తెరతో తీసేసింది పేపరమ్మే.

"కాగితంలో చోటు చాల్లేదమ్మా" అనేసింది.

టీచరు తలూపి, కాగితం మడిచి పక్కన పెట్టేసింది. చప్పట్ల మధ్య బహుమతి పెన్ను లెక్కల మాస్టారి చేతికి వెళ్లింది.

భోజనాలయ్యాక ఆ టీచరు కొళాయి దగ్గర టిఫిన్ డబ్బా కడుక్కుంటోంది. పేపరమ్మ అక్కడికి వెళ్లింది.

"ఆ వార్త మీకెలా తెలుసమ్మా?"

"ఆ లారీ తోలింది మా నాన్నండీ."



"చోటు చాలక కాదమ్మా. కావాలనే కోసేశాను. నన్ను క్షమించండి."

టీచరు కొళాయి కట్టేసింది. "టమాటాలు ఏరుకున్నవాళ్ల మీద కూడా నాకు కోపం లేదండీ. ఆ హడావుడిలో వాళ్లకి లోపలున్న మనిషి కనబడలేదేమో. మీకు కనబడ్డాడు కదా?"



మధ్యాహ్నం హాల్లో పేపరమ్మ నవ్వించలేదు. "పొద్దున మీకు సగం వార్తే ఇచ్చాను" అని, మిగతా సగం చెప్పింది. అతను ఎవరి తండ్రో మాత్రం చెప్పలేదు. లెక్కల మాస్టారు జేబులోంచి పెన్ను తీసి బల్లమీద పెట్టేశాడు.

"మీ తప్పేం లేదు మాస్టారూ. చేసిందంతా నేనే."

సాయంత్రం టీచర్లంతా బడికని ఇచ్చిన పేపర్ల కట్టలు తీసుకుని కబుర్లాడుకుంటూ బయల్దేరారు. ఆ టీచరూ తన కట్ట చంకన పెట్టుకుని వాళ్లతో కలిసి గేటు దాటింది. వెనక్కి తిరిగి 'పర్లేదండీ' అంటుందేమోనని పేపరమ్మ గుమ్మంలోనే నిలబడింది. ఆమె తిరగలేదు. ఆ ఒక్క మాట కోసం ఆశగా కాచుకున్నందుకు పేపరమ్మకు తనమీద తనకే రోత పుట్టింది.