బంగారయ్యకో గుమ్మడికాయ

పైడమ్మ ఇంటి పాక మీద కాసే గుమ్మడికాయలకి పేర్లుంటాయి. రకాల పేర్లు కాదు, మనుషుల పేర్లు. మందసలో బస్సు దిగి, జీడితోటల్లోంచి నడిచొచ్చే కొత్తవాడెవడైనా ఆ పాక ముందు ఆగి మెడ పైకెత్తాల్సిందే. ఓ కాయ మీద 'యువరాజు' అని ఉంటుంది, ఇంకో కాయ మీద 'మంగ' అని ఉంటుంది. రంగుతో రాసినవి కావు, కాయతోపాటు పుట్టినట్టుంటాయి అక్షరాలు.

ఆ కిటుకు ఆవిడ ఎవరి దగ్గరా దాచుకోలేదు. కాయ కొబ్బరికాయంత ఉన్నప్పుడు, తోలు ఇంకా లేతగా ఉన్నప్పుడు, నిచ్చెనేసుకుని పాకెక్కి నిమ్మముల్లుతో పేరు గీస్తుంది. గీత వెంబడి జిగురు ఊరుతుంది. నాలుగు రోజులకి అది పక్కు కడుతుంది. ఆ తర్వాత కాయ ఊరే కొద్దీ అక్షరమూ ఊరుతుంది. గీసినప్పుడు చీమల బారులా ఉన్న పేరు, కార్తీకం వచ్చేసరికి వేలెడు మందాన తేలి, ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. చెప్పేస్తే ఇంతే. మరి ఊళ్ళో ఇంకెవరికీ అలా కుదరలేదేం? గట్టిగా గీస్తే కాయ కుళ్ళుతుంది, మెల్లగా గీస్తే చెరిగిపోతుంది. అది పైడమ్మ చేతికే తెలిసిన ఒత్తిడి.

ఆ చేతికి అక్షరాలు అబ్బింది యాభై దాటాక. ఊళ్ళో రాత్రిబడి పెట్టినప్పుడు పలక పట్టుకుని అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంది. "ఓలమ్మో, మనవరాలు పుట్టినాక ఓనమాలేటే!" అని ఆడాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. ఆవిడ మొగుడు బంగారయ్య మాత్రం పల్లెత్తు మాట అనలేదు సరికదా, లాంతరు పట్టుకుని తోడు వెళ్ళేవాడు. ఆవిడ లోపల దిద్దుకుంటుంటే చిన్నప్పుడే కూడబలుక్కుని చదవడం వచ్చిన ఈయన బడి అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు.

ఇక చదువు వచ్చాక పైడమ్మని ఆపేవాడెవడు? చింతపండు కుండ మీద 'చింతపండు' అని రాసింది. చోడిపిండి డబ్బా మీద 'చోడిపిండి' అని రాసింది. పనసచెట్టు మొదట్లో సున్నంతో 'పచ్చికాయ కొయ్యరాదు' అని రాసింది. పెద్దకోడలు ఇందు కూరల్లో ఉప్పు మరిచిపోతోందని పొయ్యి పక్క గోడ మీద 'ఉప్పు వేశావా?' అని రాసింది. ఇందు మొదట్లో కాస్త మూతి ముడుచుకుంది గానీ, ఆ గోడ పుణ్యాన ఆ ఇంట్లో చప్పిడి కూర అన్నదే లేకుండా పోయింది. పైడమ్మకి వండి పెట్టడంలో ఎంత సరదానో, రాయడంలోనూ అంతే సరదా. కొత్త కూర కుదిరినా మొహం వెలిగిపోయేది, కొత్త మాట రాసినా మొహం వెలిగిపోయేది. అలాంటి మనిషితో కాపురం చెయ్యడం తన అదృష్టమని బంగారయ్యకి లోపల బాగానే తెలుసు. పైకి అంటే ఏం పోతుందో గానీ, అనేవాడు కాదు.

అయితే పందొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో బంగారయ్యకి ఒళ్ళు మండింది.

సంగతేమిటంటే, పాక మీద అందరికీ కాయలున్నాయి. పెద్దకొడుకు యువరాజుకి ఉంది, వాడి పెళ్ళాం ఇందుకి ఉంది, వాళ్ళ కూతురు భార్గవికి ఉంది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే చిన్నకొడుకు కామేశ్‌కీ, వాడి పెళ్ళాం మంగకీ ఉన్నాయి. బంగారయ్యకి లేదు. ఏనాడూ లేదు. మొగుడి పేరు నోటితో అంటే వాడి ఆయుష్షు తగ్గుతుందని పైడమ్మకి గట్టి నమ్మకం. నోటితో అనని పేరు ముల్లుతో మాత్రం ఎలా రాస్తుంది? అందుకని బంగారయ్య కూడా సర్దుకుపోయాడు. కానీ ఆ ఏడు ఇందు వాళ్ళ నాన్న, సంతబొమ్మాళి దాలయ్య చూడ్డానికొచ్చాడు. వచ్చినవాడు పాక వంక చూసి, "ఓరి బావా! నాకూ కాయుందిరోయ్!" అని చిన్నపిల్లాడిలా గెంతాడు. నిజమే, తూర్పు చూరు మీద 'దాలయ్య' అని గుండ్రంగా, పొందిగ్గా ఉంది.

వియ్యంకుడికి కాయ! కట్టుకున్నవాడికి లేదు!

దాలయ్య అలా గుమ్మం దాటాడో లేదో, బంగారయ్య పెళ్ళాం మీద పడ్డాడు.

"ఒలే, ఆ సంతబొమ్మాళోడు నీకు నాకంటే ఎక్కువైపోనాడేటే? నాను పరాయోణ్ణా?"

"నీ పేరు నానెలా రాత్తాను మావా? దోసం కాదేటి?"

"రాత్తే ఏటీ అవదు."

"రాసినాననుకో. కాయన్నాక కొయ్యాల. మరి కోసేదెవులు? నువ్వే గదా! నీ పేరు మీద నువ్వే కత్తేత్తంటే నాను కళ్ళప్పగించి సూడాలా?"

ఆవిడ అన్నదీ నిజమే. నిండు గుమ్మడికాయ మీద ఆడవాళ్ళు మొదటి కత్తి పెట్టరు, మగవాడు రెండు చెక్కలు చేసి ఇస్తేనే ముక్కలు తరుగుతారు. ఆ ఇంట్లో ఆ పని ఎప్పుడూ బంగారయ్యదే. అయినా బంగారయ్య తగ్గలేదు. "అయితే ఇయ్యాల్నుంచి నాను గుమ్మడికాయ నోట పెట్టను," అని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. బెల్లమూ ఆవా పెట్టి పైడమ్మ వండే గుమ్మడికాయ పులుసంటే ప్రాణం పెట్టే మనిషి, ఆ వాసన వస్తున్నా మజ్జిగ పోసుకుని లేచిపోవడం మొదలెట్టాడు. పైడమ్మ గరిటె పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయేది. వండిన చెయ్యికి అంతకంటే పెద్ద దెబ్బ ఉంటుందా?

ముసలాడికి ఇదేం పంతం అని మీరనుకోవచ్చు. ఊళ్ళోవాళ్ళూ అనుకున్నారు. కానీ అతని బాధ కాయ కాదు. తల్లి బతికున్నప్పుడు జీడితోట ఆ చివరికి వినబడేలా "బంగారీ!" అని కేకేసేది. ఆవిడ పోయింది. "ఒరే బంగారయ్యా" అనే అన్న పోయాడు. చిన్నప్పటి జతగాడు ఒకడు మిగిలుంటే, ఆ వేసవిలో వాడూ పోయాడు. ఇప్పుడు అతన్ని మావా అంటారు, బావా అంటారు, బాబూ అంటారు, తాతా అంటారు. అందరూ మర్యాదగానే పిలుస్తారు, పేరు పెట్టి పిలిచే దిక్కే లేదు. ఒకనాడు పొలం గట్టు మీద కూర్చుని తనే ఓసారి "బంగారయ్య" అనుకుని చూశాడు. ఎవరో చుట్టాల పేరులా వినబడింది. దిగులేసింది. పోయేలోగా ఆ పేరు పైడమ్మ చేత్తో రాస్తే ఒక్కసారి చూడాలని కోరిక పుట్టింది. ఇది ఎవరితో చెప్పుకుంటాడు? నవ్విపోరూ?

చివరికి మనవరాలు భార్గవిని పట్టుకున్నాడు. పైడమ్మ కొబ్బరితోటకి వెళ్ళిన పూట నిచ్చెన వేసి, ముల్లు చేతికిచ్చి, పడమటి చూరు మీద ఆకుల చాటునున్న లేతకాయ చూపించాడు.

"దీని మీద నా పేరు రాయే తల్లీ."

భార్గవి ముల్లు పట్టుకుని, కాసేపు ఆలోచించి అడిగింది, "తాతా, నీ పేరేటి?"

బంగారయ్య ఒక్కో అక్షరమే విడదీసి చెప్పాడు. ఆ పిల్ల బడిలో నేర్చిన రాతతో చక్కగా, తలకట్లన్నీ పెట్టి రాసింది. ఆ రోజు నుంచి పొద్దున్నే పాకెక్కి చూసుకోవడమే పనైపోయింది అతనికి. పక్షులేమైనా పొడిచాయేమో చూస్తున్నానని వంక పెట్టేవాడు. పైడమ్మ ఏమీ అడగలేదు. కనిపెట్టలేదనే అనుకున్నాడు. అక్షరాలు ఊరాయి, కాయ పసుపు తిరిగింది. అంతా బాగానే ఉంది గానీ, చూసుకున్నప్పుడల్లా అతనికి ఏదో వెలితి. ఎందుకో తెలిసినా, తెలియనట్టే ఉండేవాడు.

కార్తీకంలో ఓ ఆదివారం జీడితోటలో వనభోజనాలు పెట్టుకున్నారు. పలాస నుంచి కామేశ్, మంగ వచ్చారు. సంతబొమ్మాళి నుంచి దాలయ్య వచ్చాడు. తోట చివరున్న ఉసిరిచెట్టు కింద దీపం పెట్టి, చాపలు పరిచి, ఒక పొయ్యి మీద ఇందు అన్నం ఎక్కించింది. పులుసు పొయ్యి పైడమ్మది, దానికింకా రాళ్ళు వెతుకుతోంది. బంగారయ్య కత్తి పట్టుకుని పాక మీంచి దింపి బండిలో తెచ్చిన కాయలు ఒక్కొక్కటే రెండు చెక్కలు చేస్తున్నాడు. దాలయ్య కాయ మీద మాత్రం దెబ్బ కాస్త గట్టిగానే పడింది.

బండి అడుగున మిగిలిన కాయని కామేశ్ ఎత్తి పట్టుకుని, మీద పేరు చూసి, "బం..." అని నాలిక్కరుచుకున్నాడు. కన్నతండ్రి పేరు! అందరూ మూగారు.

"రాత బాగుంది. బడి రాత," అంది పైడమ్మ దూరం నుంచే, తలెత్తకుండా. అంటే మొదట్నుంచీ తెలుసన్నమాట!

ఇక అక్కడ మొదలైంది తమాషా. ఆ కాయ కోసేదెవరు? యువరాజు ముందుకొచ్చి, కత్తి పట్టుకుని, తండ్రి పేరు చూసి కత్తి కింద పెట్టేశాడు. "నావల్ల కాదు బాబూ, సెయ్యాడదు." కామేశ్ అసలు కాయనే దింపేసి వెనక్కి నడిచాడు. ఆడవాళ్ళు ఎలాగూ ముట్టరు. దాలయ్యని పిలిస్తే, "నన్ను నరికినట్టు నా కాయని నరికినావు గదా, ఇప్పుడు నీ కాయ మీద నాను కత్తేత్తే రేపు ఊరేటంటాది బావా?" అని చాప మీద వెల్లకిలా పడి నవ్వాడు. ఉక్రోషం పట్టలేక బంగారయ్య తనే కత్తెత్తాడు. అంత దూరం నుంచీ పైడమ్మ పరుగున వచ్చి మణికట్టు పట్టుకుంది.

"సాల్లే మావా! పండగపూట నా పేణం తియ్యకు."

"మరేటి సెయ్యమంటావే దీన్ని?" అంటూ కత్తి కింద పడేశాడు. "కొయ్యనివ్వవు, తిననివ్వవు. పోనీ దాసుకుందామా అంటే ఇది నీ రాత కాదు. నాక్కావాల్సింది ఆ గుంట భార్గవి రాత కాదే. నీ సేత్తో రాసింది ఒక్కపాలి సూసుకోవాలనుంది. నా పేరు పిలిసేవోళ్ళంతా పోనారు. నువ్వూ అనవు, నువ్వూ రాయవు. రేపు నాను పోతే ఆ పేరూ నాతోనే పోతాది."

అందరి ముందూ అనేశాడు. అనేశాక సిగ్గు ముంచుకొచ్చింది. దాలయ్య నవ్వు ఆపి లేచి కూర్చున్నాడు. ఇందు కళ్ళు తుడుచుకుంది. పైడమ్మ చెయ్యి వదిలేసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ కాయని కామేశ్ మెల్లగా తీసుకెళ్ళి బండిలో గడ్డి మీద పెట్టాడు.

బంగారయ్య తోటలోకి నడిచాడు. ఎంతసేపని నడుస్తాడు? కోపమున్నా ఊరికే తిరగడం అతనికి చేతకాదు. ఎండు జీడిపుల్లలు కనబడితే వంగి ఏరాడు. ఏరినవి ఏరినట్టు చంకలో పెట్టుకుని, పొయ్యికి పనికొస్తాయని వెనక వైపు నుంచి తిరిగొచ్చాడు.

పైడమ్మ అటు తిరిగి కూర్చుని ఉంది. రాళ్ళు పెట్టి, మధ్యన మట్టి మెత్తి, ఎర్రమట్టి నీళ్ళతో అలికింది. అలుకు ఇంకా తడిగా నిగనిగలాడుతోంది. ఆవిడ చూపుడువేలితో దాని మీద రాస్తోంది. ముగ్గేమో అనుకున్నాడు. ఒంగి చూశాడు.

బంగారయ్య.

అక్షరం అక్షరం గుండ్రంగా, పొందిగ్గా ఉంది. చేయి తిరిగిన రాత. ఎక్కడా తడుముకున్న గుర్తు లేదు. నిన్నా మొన్నా నేర్చిన పేరు రాసినట్టు లేదు.

చంకలో పుల్లలు జారి కింద పడ్డాయి. పైడమ్మ ఉలిక్కిపడి అరచెయ్యి అడ్డం పెట్టబోయింది.

"సెరపకే!" అన్నాడు. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఎప్పట్నుంచే ఇది?"

ఆవిడ తల దించుకుంది. మనవరాలినెత్తిన మనిషి, కొత్తకోడలిలా కొంగు అంచు నలిపింది.

"రాత్రిబడిలో అచ్చరాలొచ్చిన కాణ్ణుంచి. నువ్వు అరుగు మీద కూకునుంటే, నాను లోపల ముందు నేర్సుకున్నది ఇదే. నా పేరు తరవాత నేర్సుకున్నాను. పొద్దున్నే పొయ్యలుకుతాను గదా, అలుకు తడారకముందు ఏలితో రాసుకుంతాను. ఆ మీద నిప్పెడతాను."

"మరి దోసమన్నావు?"

"నోటితో అన్లేదు. కత్తి తగల్లేదు. ఎవులూ సదవలేదు. నాకూ పొయ్యికీ తప్ప ఎవులికీ తెల్దు."

"కత్తొద్దంటావు, మంటెడతావా నా పేరుకి?"

"మంటకి పేరు పోదు మావా, గట్టిపడతాది. మర్నాడు దాని మీదే అలుకుతాను, మల్లీ రాత్తాను. ఇంటికాడ పొయ్యి పగలగొట్టి సూడు. పొరపొరకీ నువ్వే ఉంతావు."

బంగారయ్య నేల మీద చతికిలబడ్డాడు.

"అయితే ఇన్నేళ్ళూ నాను తిన్న కూడంతా నా పేరు మీద ఉడికిందేనా?"

"మరెవుల పేరు మీద ఉడుకుతాది?" పైడమ్మ ఈసారి తలెత్తి చూసి, పుల్లలు దగ్గరికి లాక్కుని, అగ్గిపెట్టె తీసింది. "జరుగు మరి. గుంట ఆకలికి ఆగదు."

అతను ఆ అగ్గిపెట్టె మీద చెయ్యి వేశాడు.

"ఆగవే," అన్నాడు. "ఇంకోపాలి సదూకోనీ."