దగ్గుతున్న ఇల్లు అమ్మబడును

జైపాల్ డ్యూటీ దిగి ఇంటికొచ్చే యాళ్లకు దీప వాకిట్ల బకెట్ నీళ్లు, సబ్బుబిళ్ల పెట్టి ఉంచేది. ఖాకీ అంగీ వాకిట్లనే ఇడువాలె. మోచేతుల దాకా రుద్దుకోవాలె. పుక్కిలించి ఉమ్మాలె. గప్పుడు గడప దాటాలె. "నేను నీ మొగన్నా, బురదల పొర్లొచ్చిన బర్రెనా?" అని జైపాల్ నవ్వెటోడు. దీపకు నవ్వొచ్చేది కాదు. ఆమెకు ఏడో నెల. పట్నంల పంది జరం తిరుగుతుందనీ, కడుపుతోని ఉన్నోళ్లకు పట్టిందంటె ఊపిరాడదనీ టీవీల చెప్పిన కాన్నుంచి ఆమె పానం గుప్పిట్ల పెట్టుకొనే తిరుగుతుంది.

అన్నిటికంటె ఆమెకు భయం జైపాల్ బొటనవేలంటె. ఆయన జనగామ డిపోల ఆరేండ్ల సంది కండక్టర్. టికెట్ చింపాలంటె వేలు నాలికకు ఆనియ్యాలె, చిల్లర నోటు తియ్యాలంటె ఆనియ్యాలె. పట్నం బండిల డెబ్బై మంది చేతులు ముట్టిన కాయితాలు, ఆ వేలు, మళ్ల నాలిక. ఇంట్ల పేపర్ తిప్పినా, రేషన్ కార్డు తిప్పినా అదే తీరు.

"ఆ అలవాటు బంద్ చెయ్యవా?" అని దీప మొత్తుకునేది.

"చేస్తనే. వేలు నా మాట ఇంటలేదు."

గిది రెండువేల తొమ్మిది చలికాలం ముచ్చట. ఊరంత రెండే మాటలు, ఒకటి తెలంగాణ, ఒకటి జరం. దినం విడిచి దినం బంద్, రాస్తారోకో. బండ్లు నడిచిన దినం మాత్రం ఫుట్‌బోర్డు మీద కూడ జాగ ఉండకపోయేది. అసుంటి ఒక దినం కిరాయింటి యజమాని వాకిట్లకొచ్చి, మూతికి దస్తీ అడ్డం పెట్టుకొని, నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నడు. కండక్టరంటె ఊరందరి దగ్గు మోసుకొచ్చెటోడేనంట. ముందుగాల తండావాళ్లకు ఇల్లియ్యనీకె ఊర్ల నలుగురు మూతి తిప్పినోళ్లే. ఇప్పుడు వాళ్లకు జరం ఒకటి దొరికింది సాకుకు. మళ్ల ఎవ్వలూ కిరాయికియ్యలె. జైపాల్ సొంత తండా గూడూరు అవతల అడివి అంచున ఉన్నది. అక్కడ నడిజామున నొప్పులొస్తె దవాఖానకు ట్రాక్టర్ మీద పోవాలె. పోయిన ఏడు దీప తొలిచూలు ఆ ట్రాక్టర్ మీదనే పోయింది. అందుకని ఆమె తండాకు పోననే పోనన్నది.

గట్ల వాళ్ల కన్ను స్టేషన్ ఎనుకాల పోశాలు ఇంటి మీద పడ్డది. పెంకుటిల్లు, రెండర్రలు, జామచెట్టు, చేదబావి. గోడకు బొగ్గుతోని 'ఇల్లు అమ్మబడును' అని రాసి మూడు నెలలైంది. ఎవ్వలు కొనలె, ఎందుకంటె ఆ ఇల్లు దగ్గుతది.

కొందరిండ్ల కాడ కుక్క మొరుగుతది చూడు, గట్లనే ఈ ఇల్లు దగ్గుతది. రోగమున్న మనిషి గడప మీద కాలు పెడితె చాలు. పడిశమైతె చిన్నగ గొంతు సవరించుకుంటది, జరమైతె పెంకులు గడగడలాడి మట్టి రాలెదాక దగ్గుతది. వాడకట్టుకు గిది ముప్పై ఏండ్ల సంది ఎరుకే. పిల్లలకు ఒళ్లు ఎచ్చగైతె తల్లులు ఎత్తుకొచ్చి పోశాలు గడప మీద నిలవెట్టి, ఇల్లు ఏమంటదో ఇని, గప్పుడు దవాఖానకు పోయెటోళ్లు. పంది జరం వచ్చినంక ఆ మంచి పేరు కాస్తా మట్టిల గలిసింది. జఫర్‌గఢ్ నుంచి కనకయ్య అనే ఆసామి ఇల్లు చూడనొచ్చిండు. గడప మీద కాలు పెట్టిండో లేదో ఇల్లు దగ్గింది. ఆయన నలుగుట్ల తలెత్తుకోలేక ఉరికిండు. మూడు దినాలకు పక్క మీద పడ్డడు, బతికిండు గని ఎక్కడ కూసున్నా ఆ ఇంటిని తిట్టుడే. ఆ ఎనుక కొననొచ్చినోళ్లు రోడ్డు మీదనే నిలబడి, గడపను చూసి, మంచినీళ్లు కూడ తాగకుంట మల్లిపోయిన్రు. తమ దగ్గు పది మందిల బయటపెట్టే ఇల్లు ఎవ్వలకు కావాలె?

పోశాలు, ఆయన భార్య సత్తమ్మ భూపాలపల్లికి, బొగ్గుబాయిల పనిచేసే అల్లుని కాడికి పోదామని మూటలు కట్టుకొని కూసున్నరు. జైపాల్, దీప పోయిన దినం పోశాలు ఉన్నదున్నట్టు చెప్పిండు.

"దగ్గుతది బిడ్డా. దాచేదేముంది? మీరు కూడ ఉరుకుతరేమో చూసుకోండ్రి."

జైపాల్ కాలు పెట్టిండు. ఇల్లు ఊకుంది. దీప పెట్టింది. ఊకుంది. పోశాలుకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "మూడు నెలలాయె మీ కాక ఊపిరి పీల్చుకోక," అన్నది సత్తమ్మ నవ్వి. దీప అర్రలల్ల తిరిగి చూసింది. భయపడెటోళ్లకు గిదే ఇల్లు అనిపించింది ఆమెకు. పట్నం బండి దిగి వచ్చే మొగనికి కాపలా ఉండనీకె ఇంతకంటె ఏం కావాలె?

"తీసుకుందాం," అన్నది.

బయానా ఇచ్చుకున్నరు, కాయితం రాసుకున్నరు. రిజిస్ట్రేషన్ ఆఫీసు బంద్‌ల మూతబడి ఉన్నది. తెరిచినంక చూసుకుందమన్నడు పోశాలు. ముందుగాల మంచిరోజు చూసి పాలు పొంగించుకోమన్నడు.

మధ్యల ఒక్కదినం బండ్లు కదిలినయి. ఆ దినం పట్నంల చిక్కుకున్నోళ్లంత ఒక్కపారే ఎక్కిన్రు. డ్రైవర్ రాజ్‌కుమార్ దారిపొడుగూత తుమ్మిండు. "పొగకు," అన్నడు. జైపాల్ మూడొందల టికెట్లు చింపిండు. ఎన్నిసార్లు వేలు నాలికకు ఆనిందో ఆయనకే తెల్వదు.

మూడో దినం మంచిరోజు. ఆ ముందు రాత్రే ఢిల్లీల మాట ఇచ్చిన్రు, తెలంగాణ ఇస్తమని. తెల్లారేసరికి జనగామ జనగామ లెక్క లేదు. గులాల్, పటాకులు, డప్పులు. కిరాయింటి తాళంచెవి ఇచ్చేసి, సామాను ట్రాలీల ఏసుకొని వచ్చిన్రు దీప వాళ్లు. తండా నుంచి అత్త సోని వచ్చింది, ఇంకో పదిమంది చుట్టాలు వచ్చిన్రు.

"మా ఇండ్లల్ల ఆలుమొగలు కొంగుముడి ఏసుకొని, కుడికాలు ఒక్కపారే పెడ్తరు బిడ్డా," అన్నది సత్తమ్మ. జైపాల్ కండువకు దీప కొంగు ముడేసింది. దీప అరచేతికి పసుపు రాసి, లోపలికి పోంగనే దర్వాజ చెక్కకు చెయ్యి అద్దమన్నది. జైపాల్ చేతుల పాలగిన్నె.

గప్పుడే ఊరేగింపు వాడకట్టుల మలిగింది. "ఇగ పెట్టుండ్రి కాలు, జల్ది! డప్పులున్నప్పుడే పెట్టుండ్రి!" అని తొందరపెట్టిండు పోశాలు. మంచి శకునమని అందరనుకున్నరు. ఆయన గుండెల మాట వేరే. ఒకయాళ్ల ఇల్లు దగ్గినా ఆ మోతల ఎవ్వలకు ఇనపడదని ఆయన లెక్క.

ఇద్దరు కాలు పెట్టిన్రు. దీప అరచెయ్యి దర్వాజకు ఆనింది.

డప్పుల మోతల ఎవ్వలకూ ఏం ఇనపడలె. దీప చేతికి మాత్రం తెలిసింది. దర్వాజ చెక్క లోపలికెల్లి అదిరింది, ఒకపారి, రెండుపార్లు, మూడుపార్లు. నెత్తి మీద గులాల్ తోని కలిసి సన్నగ మట్టి రాలింది. పక్కన జైపాల్ నవ్వుకుంట ఊరేగింపుల దోస్తుకు చెయ్యి ఊపుతున్నడు.

దీప చెయ్యి దర్వాజకే ఆనిచ్చి ఉంచింది. ఎవల్ని దగ్గింది? ఇద్దర్ల ఎవల్ని? తననే అయితె? కడుపుల పిల్ల ఆ పొద్దుటి సంది కదలలేదని గప్పుడే యాదికొచ్చింది. అబ్బా, చెప్పకుంటె ఏమైతది? ఎవ్వలు ఇనలె. ఎనుక కిరాయిల్లు లేదు, సామాను ట్రాలీల ఉన్నది, ముందట ఇల్లున్నది. లోపలికి పోయి పాలు పొంగించుకుంటె అయిపోతది గద. 

"నడువు," అన్నడు జైపాల్.

దీప కాలు ఎనుకకు తీసింది. ముడి గుంజి ఇప్పింది.

"ఓ పోరీ!" అని అరిచింది సోని. "గడప మీద కొంగుముడి ఇప్పుతవా? నీకు మతి ఉన్నదా?"

"యాడీ, ఇల్లు దగ్గింది," అన్నది దీప అత్తతోని. "నా చేతికి తెలిసింది. ఎవల్నో చూడాలె."

చుట్టాలు ఒక్కొక్కరు ఎనుకకు జరిగిన్రు. డప్పులు మలుపు తిరిగిపోయినయి. వాడకట్టు నిమ్మలమైంది. దీప కడుపు మీద ఒక చెయ్యి ఏసుకొని, కండ్లు మూసుకొని, ఒక్కతే గడప మీద కాలు పెట్టింది.  ఇల్లు ఊకుంది. ఇంకో కాలు పెట్టింది. ఊకుంది. ఆమె లోపల నిలబడి మొగని దిక్కు తిరిగింది. తన పానం కుదుటపడ్డందుకు ఆ ఒక్క గడియ ఆమెకు సంబరమైంది, ఆ సంబరానికి తర్వాత ఎన్నో దినాలు సిగ్గుపడ్డది.

"ఇగ నువ్వు," అన్నది.

"నాకేమైందే? గొంతు జర గరగర, అంతే," అనుకుంట జైపాల్ కాలు లేపిండు. మడిమ ఇంకా ఆననే లేదు, ఇల్లు దగ్గింది. పెంకులు గడగడలాడినయి. జామచెట్టు మీది పిట్టలు లేసిపోయినయి. పాలగిన్నె ఆయన చేతుల ఒలికింది.

"అబద్ధాల ఇల్లు!" అని సోని నేల మీద కూసొని మొత్తుకున్నది. "ముడి ఇప్పిందానికి గిట్లయింది. బిడ్డా, నువ్వు లోపలికి పో. ఇల్లు నీది, నీ గడప నువ్వు దాటనీకె ఎవల్నడుగుతవ్?"

జైపాల్ మల్లొక అడుగేసిండు. ఆయన మొకంల కోపం, సిగ్గు. తండా అంత చూస్తుంది, వాడకట్టంత చూస్తుంది.

"రాకు," అన్నది దీప.

"దీపా."

"నీ కాళ్లు మొక్కుత, రాకు. దవాఖానకు పో. నడుసుకుంటనన్న పో."

ఆయన ఆగలె. దీప రెండు తలుపులు మొగని మొకం మీదనే ఏసి, గొళ్లెం పెట్టి, ఈపు ఆనిచ్చి కూసున్నది. అవతలికెల్లి ఆయన తలుపు కొట్టిండు. కొడుతున్నంతసేపు ఇల్లు దగ్గుతనే ఉన్నది. ఆ దగ్గుకు తలుపు అదిరి ఆమె ఈపుకు తగిలింది. దీప నోట్లె కొంగు కుక్కుకొని ఏడ్చింది. ఎంతసేపటికో కొట్టుడు ఆగింది. "పోత తియ్యే," అన్న మాట ఇనొచ్చింది, ఇల్లు నిమ్మలమైంది. కడుపుల పిల్ల గప్పుడు కదిలింది.

పొద్దుగూకక ముందే జైపాల్‌కు జరం కాలింది. దవాఖాన బెంచి మీదనే ఉన్నడు గనుక నూట ఎనిమిది బండిల వరంగల్లుకు తీసుకపోయిన్రు, మందు యాళ్లకు పడ్డది. డ్రైవర్ రాజ్‌కుమార్ ఒళ్లునొప్పులని కషాయం తాగి, ఇంట్ల పిల్లల నడుమ పండుకున్నడు. ఆయన ఇల్లు మంచి స్లాబు ఇల్లు, ఎవల్నీ ఏమనదు. ఆరో దినం ఆయన పోయిండు. పిల్లలిద్దరికీ అంటింది గని బతికిన్రు.

ఆ వార్త ఇన్న దినం సోని గడపకు పసుపు పూసి, బొట్లు పెట్టి, లోపలికి పోయి పండుకున్నది. రిజిస్ట్రేషన్ కోసం ఊర్లనే ఆగిన పోశాలు రెండుపార్లు వాకిటి దాకా వచ్చి నిలబడ్డడు.

"డప్పుల సాటుకు మిమ్ముల లోపలికి తోద్దామనుకున్న బిడ్డా. నాది పాపపు బుద్ధి," అన్నడు.

"ఇల్లు దగ్గుతదని ముందే చెప్పినవు గద కాక," అన్నది దీప. 

ఢిల్లీల ఇచ్చిన మాట పద్నాలుగు దినాలున్నది. పద్నాలుగో దినం అబ్బే, ఇంకా చూడాలె అన్నరు. మళ్ల బంద్. మళ్ల బండ్లు ఆగినయి. పదిహేనో దినం జైపాల్‌ను ఇంటికి పొమ్మన్నరు. జనాలను మోసే కండక్టర్‌కు ఎక్కనీకె ఒక్క బస్సు లేదు. పాలబండి రఘునాథపల్లి మీదికెల్లి వస్తుంటె చెయ్యెత్తి ఎక్కి, జనగామల దిగిండు. సగం మనిషై వచ్చిండు. అంగీ భుజాల మీద ఏలాడుతుంది.

వాకిట్ల బకెట్, సబ్బుబిళ్ల పెట్టి ఉన్నయి. ఆయన మోచేతుల దాకా రుద్దుకున్నడు. గడపకు నాలుగడుగుల దూరంల ఆగిండు. దీప తలుపు తీసి నిలబడ్డది. ఆమె పసుపు చెయ్యి అచ్చు దర్వాజ మీద ఎండి ఉన్నది.

"ఇల్లేమంటుందే?" అన్నడు.

"నువ్వు పోయిన కాన్నుంచి ఒక్క మాట లేదు."

"తలుపేసినవు గద నా మొకం మీద."

"ఏసిన," అన్నది దీప. "మళ్ల దగ్గితె మళ్ల ఏస్త."

జైపాల్ తల ఊపిండు. ఆయన కాలు లేస్తలేదు. బస్సు కింద పడుడు కూడ ఇంతకంటె నయం అనిపించింది ఆయనకు. దీప బయటికొచ్చి, ఆయన మెడల తువ్వాలకు తన కొంగు ముడేసింది. పిడికిలి బిగిచ్చి గట్టిగ ఏసింది. ఇద్దరు కుడికాలు పెట్టిన్రు. దీప చెయ్యి ఆ అచ్చు మీదనే పెట్టి ఆగింది. పది గడియలైనట్టు అనిపించింది. పెంకు కదలలె, మట్టి రాలలె.

లోపలికి పోయి గోడకానుకొని కూసున్నరు. "దవాఖాన కాయితాలు ఏవి, చూపియ్యి," అన్నది దీప.

జైపాల్ అంగీ జేబులకెల్లి కాయితాల కట్ట తీసిండు. మొదటి కాయితం తిప్పుదామని బొటనవేలు నాలిక దాకా తీసుకపోయిండు.

నెత్తి మీద ఇల్లు చిన్నగ గొంతు సవరించుకున్నది.

ఇద్దరు రాయి లెక్క బిగుసుకపోయిన్రు. జైపాల్ పైకి చూసిండు. చూసి, మెల్లగ వేలు దించి, తువ్వాలకు తుడుసుకొని, పొడివేలితోని కాయితం తిప్పిండు. ఇల్లు ఊకుంది.