ఉరికే బస్సు, బీరప్ప ఈల

బీరప్ప కోడలితో మాట్లాడడు. కోపమేమీ లేదు, వాళ్లింటి పద్ధతి అది. సరోజన కాపురానికొచ్చి మూడేళ్లయినా, గంజి కావాలంటే "నల్లోడా, ఆకలైతుందిరా" అని కుక్కతోనే అనేవాడు. సరోజన ముంతతో గంజి తెచ్చి పెట్టేది. కుక్క ఇద్దరి మొహాలూ చూసేది.

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటేడు ఎండాకాలంలో, ఆమె ఎనిమిది నెలల కూతురు మైసమ్మకు జ్వరం పట్టుకుంది. మూడో రోజుకు పిల్ల కళ్లు తెరవడం మానేసింది. సూర్యాపేట దవాఖానకు పోవాలంటే కోదాడ నుంచి రోజుకు ఒక్కటే బస్సు. భర్త వీరయ్య గొర్లతో పాలకీడు వైపు పోయాడు. సరోజన పిల్లను చంకనేసుకుని గుట్ట దిగేసరికే మునగాల దిక్కు దుమ్ము లేచింది. బస్సు ముందే వచ్చేసింది.

"వడిసెల తీసి బస్సు ముంగట ఒక రాయన్న ఎయ్యరాదు, ఆగుతడు!" అని అత్త లచ్చమ్మ మొగుడి మీద అరిచింది.

"రాయి చెయ్యి దాటినంక మన మాట ఇంటదారా నల్లోడా? బస్సేమన్న నిలవడ్డదా?" అన్నాడు బీరప్ప కుక్కతో. కుక్కను కోడలి వెంట తోలి, తను గుట్ట మీది పెద్ద బండరాయెక్కి నిలబడ్డాడు.

సరోజన బస్సు కనబడుతున్న చోటికే ఉరికింది. ఎవరైనా అంతే. వెనక నుంచి, బీరప్ప కుక్కను మళ్లించే పొడుగాటి ఈల. అంటే కుడికి. మూడేళ్లుగా మంద దగ్గర మసలిన కాళ్లు ఆమెను అడగకుండానే కుడికి తిరిగాయి. అటు చూస్తే ఉత్త రోడ్డు, బస్సు లేదు గిస్సు లేదు. మామకు మతి పోయిందనుకుంటూనే ఉరికింది. తోడేలు గొర్రెపిల్లను ఎత్తుకుపోయినప్పుడు కూడా ఆయన కుక్కను తోడేలున్న చోటికి కాక, అది పోబోయే చోటికే తోలేవాడని సగం దారిలో గుర్తొచ్చింది.

అంతలో ఎడ్లబండి అడ్డమొచ్చి బస్సు మెల్లబడింది. వెంటనే రెండు పొట్టి ఈలలు. ఎడమకు. తిరిగింది. రోడ్డు కాళ్ల కిందికి వచ్చేసరికి బస్సు ఇరవై గజాల్లో ఉంది. మూడు ఈలలు. కూర్చో.

కుక్క కూర్చుంది. సరోజనా కూర్చుంది, రోడ్డు నడుమ, పిల్లతో. ఆ ఈల తనకో కుక్కకో ఆలోచించే వ్యవధి లేదు.

బస్సు రెండు మూరల దూరంలో ఆగింది. డ్రైవరు తిట్టాల్సినవన్నీ తిట్టాడు. కండక్టరు యాదగిరి రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ దాకా పోయొచ్చినవాడు. గుట్ట మీది మనిషిని చూసి తలూపాడు.

"ఎక్కమ్మా. జర్మనోళ్లు గిట్లనే జేసిండ్రు. విమానంల నుంచి బాంబు ఇడిసినంక గూడ, పైన కూసున్నోడు సూస్కుంట దాన్ని తిప్పుతుండె. సముద్రంల ఓడ ఎటు మళ్లితే బాంబు గటే."

"గా బాంబు సంకల పిల్ల ఉంటదా?" అంది సరోజన రొప్పుతూ.

యాదగిరి పిల్లను చూసి, టికెట్టు చింపి ఇచ్చాడు.

"ఉండది," అన్నాడు.

కుక్క కూడా ఎక్కి ఆమె కాళ్ల దగ్గర పడుకుంది. బస్సు కదిలింది. గుట్ట నుంచి ఇంకో ఈల, సాగదీసి, చివర్న పైకి. పొద్దుగూకితే మందను ఇంటికి పిలిచే ఈల. నల్లోడు బస్సులోంచి దూకేశాడు. సరోజన కూడా సగం లేచి, మళ్లీ కూలబడింది.

ఒళ్లో మైసమ్మ ఆ ఈల వైపు తల తిప్పి, ఒక కన్ను తెరిచింది.

"నీకు గాదు బిడ్డా," అంది సరోజన. "మనం దవాఖానకు పోతున్నం."