దూపగొన్న కేకు

చెన్నయ్య తాగుడు మానేసిన సంగతి చింతగట్టులో అందరికీ తెలుసు. ఎందుకు మానేశాడో అంతకంటే బాగా తెలుసు. ఒక సాయంత్రం కడుపునిండా కల్లు తాగి, మందను ఇంటికి తోలుకొచ్చి, దొడ్డి తడిక బిగించి పడుకున్నాడు. తెల్లారి చూస్తే దొడ్డినిండా పక్కూరివాళ్ళ మేకలు. చెన్నయ్యవి గొర్రెలు.

ఆ పొద్దే అతని భార్య జానమ్మ అతన్ని బీరప్ప గుడికి నడిపించింది. గుడి పెద్ద భిక్షపతి ముందు నిలబెట్టి, చేతిలో పసుపు పోయించి ఆన పెట్టించింది. "కల్లు గానీ సారా గానీ, మత్తొచ్చేది ఏదైనా సరే, ఒక్క చుక్క నా పెదవికి తాకనియ్య" అన్నాడు చెన్నయ్య. ఆ మాట మీదే నిలబడ్డాడు కూడా. సాయంత్రాలు మాత్రం గుమ్మంలో కూర్చుని, ఈతవనం వైపు చూసి నిట్టూర్చేవాడు.

అవి సాగర్ కట్ట పని నడుస్తున్న రోజులు. చెన్నయ్య కూతురు అండాలుకు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు ఐలేశం కూడా గొర్రెలవాళ్ళ పిల్లాడే. ఒక కరువు ఏడాది ఊరు విడిచి సికింద్రాబాదు పోయి, ఒక బేకరీలో బట్టీ దగ్గర పనికి కుదిరాడు. యజమాని సేఠుకు వాడంటే ప్రాణం. పెళ్ళి మాట చెవిన పడగానే, "కేకు నాది. మీ మామను తోలియ్యి. దుకాణంల ఏది పసందైతె అది తీస్కపోనియ్యి" అన్నాడట.

ఆ కబురు వినగానే చెన్నయ్య తల్లి భద్రమ్మ నోరు తెరిచింది.

"కేకంటె అరుసుడే గద! అరుసుడు సికిందరాబాదు నుంచి తెచ్చుకునుడెందుకు? మనింట్ల జానమ్మ లేదా?"

"అత్తా, అది తినేది" అంది జానమ్మ, పళ్ళు కొరుకుతూ.

తినేదని తేలాక భద్రమ్మ ఆగలేదు. హుజూర్‌నగర్‌లో బస్సెక్కే దాకా కొడుకు కంటే రెండడుగులు ముందే నడిచింది.

బేకరీలో కేకులన్నీ అద్దాల బీరువాల్లో ఉన్నాయి. సేఠు ఒక్కోటే బయటికి తీయించి బల్ల మీద పెట్టించాడు. అంగట్లో మొదట కనిపించిన గొర్రెను కొనేవాడు కాదు చెన్నయ్య. చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ తిరిగాడు. మేడ మీద మేడ కట్టినట్టున్న తెల్లటి కేకు ముందు ఆగి, పొట్టేలు వీపు చూసినట్టు బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగబడిపోయింది. సేఠు కెవ్వుమన్నాడు.

"గిది ఒట్టి బొచ్చు" అన్నాడు చెన్నయ్య, వేలు పంచెకు తుడుచుకుంటూ. "కత్తిరిస్తె లోపల గొర్రె ఉండది."

గులాబీరంగు కేకును భద్రమ్మే పక్కకు నెట్టేసింది. "అంగట్ల ముసలి పొట్టేలుకే రంగు పూస్తరు. మాకు తెల్వదా?"

అప్పుడు మూలన కనిపించింది ఒకటి. నల్లగా, గుండ్రంగా, పువ్వూ లేదు పూతా లేదు. చెన్నయ్య రెండు చేతులా ఎత్తి చూశాడు. బరువుగా ఉంది. వేళ్ళతో తట్టాడు, గట్టిగా పలికింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు మళ్ళీ దించలేదు.

"ఒరే, పీల్సుడాపి మాట్లాడు" అంది భద్రమ్మ.

"గిదే" అన్నాడు చెన్నయ్య, బొంగురు గొంతుతో.

సేఠు మొహం విప్పారింది. "మీకు నజర్ ఉన్నది! లోపలంత ఎండు ద్రాక్ష, బాదం. జర వినుండ్రి. పెండ్లి నాడు దీన్ని సగమే తినాలె. తక్కిన సగం దాచిపెట్టి, తొలుసూరు బిడ్డకు పేరు పెట్టేనాడు తినాలె. గది మా దుకాణం రివాజు."

"అప్పటిదాంక పాడుగాదా?"

"ఎందుకైతది? ఐతారం ఐతారం మీద చెంచెడు బ్రాందీ తాపుతుండాలె, అంతే."

చెన్నయ్య రెండుసార్లు కళ్ళు ఆర్పాడు.

"తాపాల్నా? గిది తాగుతదా?" అడిగింది భద్రమ్మ.

"మంచిగ తాగుతదమ్మా."

"ఐతె మనింటి సంబంధమే" అంది ఆమె.

పెళ్ళినాడు సగం కేకును చింతగింజలంత ముక్కలు చేసి ఊరంతా పంచారు. మసిపట్టిన బెల్లంలా ఉందన్నారు కొందరు. దవాఖాన మందులా ఉందని కొందరు మళ్ళీ చేయి చాచారు. మిగిలిన సగం దగ్గర తగువు వచ్చింది. ఐలేశం తల్లి నర్సింగమ్మ కేకు డబ్బాను చంకన పెట్టుకుని, "మా పిలగాని కేకు, మా ఇంటికే పోవాలె" అంది.

భద్రమ్మ నవ్వుతూ తల ఊపింది. "తీస్కపో బిడ్డా. ఐతె పేరు పెట్టేది సుత మీ ఇంట్లనే గద? తొలి కాన్పు, మంత్రసాని, పత్తెం, చుట్టాలకు యాట కూర, అన్ని నువ్వే చూస్కో."

నర్సింగమ్మ డబ్బాను మెల్లగా జానమ్మ చేతుల్లో పెట్టేసింది.

సగం కేకున్న ఆ రేకు డబ్బాను వేపాకు పరిచిన ఉట్టిలో పెట్టి, నడింట్లో దూలానికి ఎత్తుగా వేలాడదీశారు. ఐలేశం ఒక సీసా బ్రాందీ, ఒక చెంచా ఇచ్చి భార్యతో సికింద్రాబాదు పోయాడు. అప్పుడు లేచింది అసలు ప్రశ్న. తాపేదెవరు? జానమ్మ సీసాను ముట్టనంది. భద్రమ్మకు ఉట్టి అందదు.

"తప్పుతదా?" అన్నాడు చెన్నయ్య, పెద్ద బరువు నెత్తికెత్తుకున్నవాడిలా. "బిడ్డ కోసం నేనే తాపుత."

మొదటి ఆదివారం ముక్కుకు తువ్వాల కట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని పోశాడు. జానమ్మ మురిసిపోయింది. తర్వాతి ఆదివారం తువ్వాల కట్టలేదు. ఆ తర్వాత గొర్రెల వెంట తిరుగుతూ తను పెట్టిన ఆనను మాట మాటా గుర్తు చేసుకున్నాడు. పెదవికి తాకనియ్యనన్నాడు. గొంతు సంగతి ఎవరూ ఎత్తలేదు. పుట్టి బుద్ధెరిగాక చెంబును ఎత్తిపట్టి నీళ్ళు తాగినవాడే తప్ప, అంచుకు పెదవి ఆనించి ఎరగడు.

అప్పటినుంచి కేకుకు దూప ఎక్కువైంది.

"ఐతారం దాంక ఆగుతలేదు. బుధారం సుత తాపమంటాంది" అని చెప్పాడు పెళ్ళానికి.

"గదేం దూపయ్యా?"

"ఎండలు చూస్తలేవా? మనకే నాలికె పిడుచగడ్తాంది. దానికెట్లుండాలె?"

"పాపం, ఒక్కతే ఉట్టి మీద" అని జాలిపడింది భద్రమ్మ.

సీసా అయిపోయింది. ఐలేశంకు కబురు పోయింది. ఇంకో సీసా వచ్చింది, అదీ అయిపోయింది. అల్లుడు ఆశ్చర్యపోయి సేఠును అడిగితే, "నా జిందగీల గంత తాగే కేకును చూడలే. అసల్ మాల్!" అని మీసం దువ్వుకుని మరో సీసా తనే పంపించాడు.

ఒక మధ్యాహ్నం జానమ్మ మరిచిపోయిన కొడవలి కోసం చేను నుంచి ఇంటికొచ్చింది. నడింట్లో మొగుడు తల వెనక్కి వాల్చి, నోరు బావిలా తెరిచి, సీసాను చెయ్యంత ఎత్తున పట్టుకుని ఉన్నాడు. సన్నటి ధార తిన్నగా గొంతులోకి దిగుతోంది. ఉట్టి మీద డబ్బాకు మూత కూడా తీయలేదు.

"పెదవికి తాకలే!" అని అరిచాడు చెన్నయ్య, సీసా దించకుండానే. "బీరప్ప తోడు, తాకలే!"

జానమ్మ ఆ సీసాతో సహా అతన్ని గుడికి లాక్కుపోయింది. భిక్షపతి, ఇంకో నలుగురు పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని ఇద్దరి మాటలూ విన్నారు. భిక్షపతి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"తాకకుంట తాగుడు నీళ్ళకైతె ఐతది. బ్రాందీకి ఐతదా? చూడకుంట తీర్పు చెప్పుడు తప్పు."

"నేను చూపిస్త" అని లేచాడు చెన్నయ్య.

"నువ్వు కూసో!" అంది జానమ్మ. "నువ్వు చూపిచ్చుడు నేను చూసిన."

అందుకని భిక్షపతే సీసా ఎత్తాల్సి వచ్చింది. మింగి, కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "జర తాకినట్టే అనిపిచ్చింది. మల్ల చూడాలె." మళ్ళీ చూశాడు. పక్కాయన, "నీ మీసం అడ్డమొస్తాంది కాకా, నేను చూస్త" అన్నాడు. మందలు ఇళ్ళకు మళ్ళే వేళకు పెద్దమనుషులంతా చూడ్డం పూర్తయింది. సీసా ఖాళీ. ఇద్దరికి గోడ ఆసరా కావలసి వచ్చింది.

"ఆన తప్పలేదు" అని తీర్పు చెప్పాడు భిక్షపతి. "కానీ ఆనకు బొక్క ఉన్నది. పూడ్చుకోర్రి."

జానమ్మ అక్కడికక్కడే పూడ్చింది. పెదవికీ, నాలుకకూ, గొంతుకూ, కడుపుకూ తాకనివ్వనని మళ్ళీ పసుపు పట్టించి చెప్పించింది. వెంట వచ్చిన భద్రమ్మ మెల్లగా అడిగింది, "మోకాళ్ళకు రాసుకోవచ్చునా?"

"అవ్వ సంగతి వేరే" అన్నాడు భిక్షపతి, ఎటో చూస్తూ.

ఆ తర్వాత ఆ ఇంట్లోకి బ్రాందీ రాలేదు. ఉట్టి మీది కేకును అందరూ మరిచిపోయారు. వానలు వెళ్ళాయి, చలి వెళ్ళింది. అండాలు పురిటికొచ్చి ఆడపిల్లను కన్నది. పేరు పెట్టేనాడు నర్సింగమ్మ చుట్టాలందరినీ వెంటేసుకుని దిగింది. పిల్లకు లక్ష్మీనర్సమ్మ అని పేరు పెట్టి తొట్టెలలో వేశాక, ఐలేశం అందరినీ నడింట్లోకి పిలిచాడు. "మా కేకు ఎంత తాగిందో సేఠు సుత నమ్ముతలేడు" అని గొప్పలు చెబుతూ డబ్బా దించి, పళ్ళెంలో బోర్లించాడు.

ఠంగుమంది.

కత్తి పెట్టి కోయబోయాడు. కత్తి మొన వంకరపోయింది.

"సాగర్ కట్టకు పంపుండ్రి, రాయి తక్కువైందట" అన్నాడు వెనకనుంచి ఒక చుట్టం.

ఐలేశం మొహం వాడిపోయింది. "మామా, గింత బ్రాందీ తాగి గిట్లెట్ల ఎండింది?"

చెన్నయ్య దూలం వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. వియ్యాలవారంతా ఆయన నోటి వైపే చూస్తున్నారు. అప్పుడు జానమ్మ ముందుకొచ్చింది.

"తాగినోల్లందరు ఆఖరికి గట్లనే ఎండుతరు కొడకా" అంది. అని, మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. చెన్నయ్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు సాయంత్రం దాకా ఆమె అడగకముందే నీళ్ళు తోడాడు, కట్టెలు కొట్టాడు, అంట్లు కూడా తోమబోతే ఆమే వద్దంది.

కేకు మాత్రం పారేయలేదు. భద్రమ్మ దాన్ని రోట్లో వేసి, రోకలితో పొడిచి పొడి చేసింది. పెద్ద గుండిగలో గొర్రెపాలు మరిగించి, బెల్లం వేసి, ఆ పొడి కలిపింది. నల్లగా, చిక్కగా ఉడుకుతుంటే ఇల్లంతా వాసన కమ్ముకుంది. మోదుగాకు దొప్పల్లో పోసి అందరికీ ఇచ్చారు. మొదట మొహాలు చూసుకున్నారు. తర్వాత దొప్పలు నాకారు. నర్సింగమ్మ మళ్ళీ మళ్ళీ పోయించుకుని, "ఒదినె, గిదేం పాసెమే? మాకు చెప్పకుంట దాచుకున్నరా?" అని జానమ్మ మీద అలిగింది.

చుట్టాలు వెళ్ళిపోయాక అండాలు లోపలి గదిలోంచి వచ్చింది. పత్యంలో ఉన్న బాలింతకు ఇవేవీ పెట్టకూడదని భద్రమ్మ అడ్డుపడి, వాసన తప్ప ఏదీ లోపలికి పోనివ్వలేదు. అండాలు గుండిగలోకి వంగి చూసింది. అడుగు మెరుస్తోంది.

"పెండ్లి నాది. బిడ్డ నాది. కేకేది?" అని గొంతెత్తి ఏడ్చింది. తొట్టెలలో పిల్ల లేచి తల్లికంటే పెద్ద గొంతుతో అందుకుంది. ఐలేశం ఇద్దరిలో ఎవరిని ఊరుకోబెట్టాలో తెలియక, చెప్పులు వేసుకుని బస్సుకు పరుగెత్తాడు.

పత్యం విడిచిన రోజుకు మళ్ళీ వచ్చాడు. సికింద్రాబాదు నుంచి దారంతా ఒళ్ళో పెట్టుకుని, ఒక్కరికీ చూపించకుండా చిన్న కేకు తెచ్చాడు. అండాలు పిల్లను నిద్రపుచ్చి, కేకును ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుంది. చెన్నయ్య అటుగా రెండుసార్లు దగ్గుతూ నడిచాడు. భద్రమ్మ తలుపు చాటునుంచి తొంగిచూసింది. అండాలు ఎవరి వైపూ తల తిప్పలేదు.

"జర దాచిపెడ్దమా, రేపటికి?" అడిగాడు ఐలేశం భయంభయంగా.

అండాలు చివరి ముక్క నోట్లో వేసుకుని, నిండిన బుగ్గలతోనే తల అడ్డంగా ఊపింది.