మేకలు మేసిన కంచె

బాన్సువాడలో లచ్చవ్వ మేకలు ఏ ఆగడం చేసినా వాడకట్టు నవ్వి ఊరుకునేది, గోంగూర జోలికి పోనంతవరకు. అదీ ఎవరి గోంగూర? కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద పొలాలు కొని, ఆమె ఇంటి పక్కనే మేడ కట్టుకున్న వెంకట్రావు పెరటి గోంగూర. ఆయనకు అన్నం లేకపోయినా ఒక పూట గడుస్తుంది గాని గోంగూర పచ్చడి లేకపోతే గడవదు. తొంభై ఎనిమిది వానాకాలంలో ఒక పొద్దున మూడు మేకలూ ఆ మడిని మొదలంటా మేసి, దండెం మీది ఆయన పంచె అంచు కూడా నమిలి చూశాయి. ఆయన కోపంతో ఊగిపోతూ వాటిని లాక్కెళ్ళి, పరాయి చేలో పడ్డ పశువులను కట్టేసే బందెల దొడ్డిలో పెట్టించాడు.

లచ్చవ్వ వెళ్ళి విడిపించుకు వచ్చేసరికి ఇంటి ముందు వార్డు మెంబరు బాలమల్లు కూర్చుని ఉన్నాడు. పక్కన వెంకట్రావు.

"మేకల్ని అమ్మేయమనండి బాలమల్లు గారూ. ఇళ్ళ మధ్యలో మేకలేంటండీ!" అన్నాడు వెంకట్రావు.

"ఎందుకమ్ముత? మీరు మేడ కట్టకముందు సంది ఉన్నయ్ నా మేకలు," అంది లచ్చవ్వ. "పుంటికూర తిన్నయ్, తప్పే. విత్తులిస్త, మల్ల అలుక్కోండ్రి."

బాలమల్లు ఇద్దరినీ చూసి తల గోక్కున్నాడు. "లచ్చవ్వా, ఎనిమిది రోజులు టైమిస్తున్న. గట్టి కంచె ఎయ్. ఎనిమిదో నాడు నేనే వచ్చి చూస్త. ఒక్క మేక బయటికొచ్చినా బిచ్కుంద అంగడికి తోలుడే."

ఆ మాట లచ్చవ్వ గుండెలో ముల్లులా దిగింది. మొగుడు పోయాక పదేళ్ళుగా ఆమె బీడీలు చుడుతోంది. కార్ఖానా సేటు మంచి కట్టలను కూడా బాగా లేవని పక్కకు విసిరేస్తే మిగతా ఆడవాళ్ళు బతిమాలుకునేవారు. లచ్చవ్వ మాత్రం "నచ్చకుంటే నా కట్టలు నాకియ్యి" అని లేచి వచ్చేది. ఆ ధైర్యం ఎక్కడిదంటే ఈ మేకలదే. అవి పోతే రేపటి నుంచి తనూ ఆ సేటు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. అది చావుకన్నా తక్కువేమీ కాదనిపించింది ఆమెకు.

మర్నాడే కొడవలి పట్టుకుని బయలుదేరింది. పుట్టినూరు జుక్కల్‌లో ఆమె తండ్రి ఏటా చేను చుట్టూ తుమ్మకంప కొట్టేవాడు. ఏ బర్రె దాన్ని దాటలేదు. మూడు రోజులు చేతులు గీరుకుపోయేలా పచ్చి తుమ్మకొమ్మలు నరికి, మోసుకొచ్చి, ఇంటి చుట్టూ నడుమెత్తు పేర్చింది. తృప్తిగా చూసుకుని మేకలను లోపల విడిచింది.

తండ్రికి బర్రెలే గాని మేకలు ఎన్నడూ లేవు. అక్కడే పప్పులో కాలు వేసింది. తుమ్మాకు అంటే మేకకు పెళ్ళిభోజనం. మర్నాటికి ఆకు లేదు, కాయ లేదు; కంప అంతా బోసిపోయి, మేక దూరేంత సందులు పడ్డాయి. ఇంకా గడువు మిగిలి ఉంది గనుక బతికిపోయి, మేకలను గుంజకు కట్టేసింది.

వెంకట్రావు మేడ మీద నుంచి పగలబడి నవ్వాడు. "కంచే చేను మేసిందని విన్నాం గానీ, మేకలే కంచెను మేయడం ఇక్కడే చూశాం!" తర్వాత కాస్త మెత్తబడి, "ముళ్ల తీగ నేనే వేయిస్తాలే లచ్చవ్వా. నువ్వు రూపాయి ఇవ్వక్కర్లేదు. కాకపోతే ఓ రెండడుగులు నీ వైపు జరుపుతాను," అన్నాడు.

"మీ తీగ వద్దు, మీ దయా వద్దు. నా జాగల నేనే ఏసుకుంట," అని లోపలికి వెళ్ళిపోయింది. లోపలికి వెళ్ళాక ఏడ్చింది. ఏడుస్తూనే కాళ్ళకున్న వెండి కడియాలు తీసింది.

కంపను చూసి రూప్లి కూడా కడుపుబ్బ నవ్వింది. తండాలో ముప్పై మేకలున్న మనిషి, లచ్చవ్వకు పాత దోస్తు. నవ్వడం అయ్యాక కొంగు దోపుకుని, కడియాలు అమ్మిన డబ్బు పట్టుకున్న లచ్చవ్వతో పాటు హీరాలాల్ ఇనుప దుకాణానికి నడిచింది.

హీరాలాల్ ముళ్ల తీగ చుట్ట ముందుకు దొర్లించాడు. "అందరూ గిదే తీసుకుంటరు అవ్వా."

"పాలిచ్చే మేక దునికితే పొదుగు చీరుకపోతది. జాలి చూపెట్టు," అంది లచ్చవ్వ.

బొడ్లోంచి బీడీ కట్ట తీసి, అల్లిన ఇనుప జాలి ఒక్కోదాని కన్నంలో దూర్చి చూసింది. దూరిన జాలిని పక్కకు నెట్టింది. "కట్ట దూరితే పిల్ల మూతి దూరుతది. మూతి దూరినంక మెడ ఇరుక్కుంటది. ఇంకా చిన్న కండ్లది తియ్యి." నాలుగోది నచ్చింది.

జాలిని నిలబెట్టడానికి పాతే రాతి కడీలు బండి మీద వచ్చాయి. ఇద్దరు ఆడవాళ్ళూ రెండు రోజులు వంతులవారీగా గడ్డపార వేశారు. "జాలి మూరెడు భూమిలకు పోవాలె, లేకుంటే కింద తవ్వుతయ్," అంది రూప్లి. గేటు దగ్గర లచ్చవ్వను ఆపింది. "బయటికి కాదే, లోపలికి తెరుచుకోవాలె. మేకలు నూకినకొద్ది మూసుకుంటది." లచ్చవ్వ అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. ఆ రెండు రోజులూ బీడీ చుట్టలేకపోయినా ఆమెకు దిగులు కలగలేదు.

ఎనిమిదో నాడు బాలమల్లు వచ్చాడు. వాడకట్టంతా వచ్చింది. వెంకట్రావు ఉత్త చేతులతో రాలేదు. పచ్చటి అవిశాకు మోపు తెచ్చి కంచెకు బయట జానెడు దూరంలో పడేశాడు. "ఇప్పుడు చూద్దాం దీని గట్టితనం."

అవిశాకు వాసనకు మేకలు వెర్రెత్తిపోయాయి. ముందుకాళ్ళు జాలి మీద వేసి నిలబడ్డాయి. పోతుమేక వెనక్కి వెళ్ళి పరుగెత్తుకొచ్చి గేటును గుద్దింది. గేటు బిగుసుకుంది. మళ్ళీ గుద్దింది. లచ్చవ్వ పళ్ళు బిగపట్టి చూస్తోంది. తల్లిమేక కాళ్ళతో నేల గీరింది, జాలి తగిలి ఆగింది. చాలాసేపు తంటాలు పడి మూడూ అలిసి, నేల మీద కూలబడి నెమరేశాయి.

బాలమల్లు ఒక కడీని రెండు చేతులా ఊపి చూశాడు. అది కదల్లేదు. "గట్టిగనే ఉంది సారూ. ఇగ ముచ్చట ఒడిసింది," అన్నాడు.

"మరి వాసనో?" అన్నాడు వెంకట్రావు.

"కంచె ఎయ్యమన్నరు, ఏసిన," అంది లచ్చవ్వ. "మా మేకల వాసన మీ ఇంటికొస్తది. మీ తిరగమోత ఘాటు మా ఇంటికొస్తది. నేనెన్నడన్న మిమ్ముల ఇల్లు అమ్ముకొమ్మన్ననా?"

వాడకట్టు గొల్లుమంది. వెంకట్రావు మొహం గంటు పెట్టుకుని అవిశాకు మోపు తీసుకోవడానికి వంగాడు. లచ్చవ్వ దాని మీద కాలు వేసింది.

"అది ఏడవెట్టిండ్రో చూసుకోండ్రి సారూ. కంచె నా హద్దుకు మూరెడు లోపల ఏసిన. అది నా జాగ."

వెంకట్రావు బాలమల్లు వైపు చూశాడు. బాలమల్లు ఆకాశం వైపు చూశాడు. లచ్చవ్వ మోపు ఎత్తుకుని, గేటు నెట్టుకుని లోపలికి పోయి, ఒక్కో మేకకూ ఒక్కో కొమ్మ తన చేత్తో పెట్టింది.