పెద్దల అనుమతి

"నాలుగుసార్లు నొక్కితే అయిపోతుంది. నీక్కూడా వస్తుందిలే" అన్నాడు మాస్టారు పెళ్లాంతో, చెప్పులు వేసుకుంటూ.

ఆ 'నీక్కూడా' ఆమెకు కొత్త కాదు. తడిబట్టల బకెట్టు చేతిలో ఉండగానే వింది, తలూపింది. బడివాళ్లు పాఠాలన్నీ ఫోన్లోకే పంపుతామన్నారని ఏడో తరగతి చదివే కూతురికి తన పాత ఫోను ఇచ్చింది ఆయనే. వారం తిరక్కుండానే అత్తగారు మొదలుపెట్టింది. పిల్ల ఆ డబ్బాలో పడి కొట్టుకుపోతోందట, కన్నతల్లికి చీమ కుట్టినట్టయినా లేదట. ఇచ్చింది తండ్రి, చెడిపోతే తప్పు తల్లిది. ఈ లెక్క ఏ బడిలోనూ చెప్పరు, ఏ ఇంట్లోనూ తప్పదు. అందుకని ఆదివారం పూట, వంటా బట్టలూ ఇల్లు తుడవడమూ అయ్యాక, ఇంకో పని వచ్చి నెత్తిన పడింది. కూతురి ఫోనుకి కాపలా పెట్టాలి. ఎంతసేపు చూడాలి, ఏం చూడకూడదు, ఎన్నింటికి ఆగిపోవాలి.

ఆయన కారు నడపడం నేర్పుతాడు. వీధిలో అందరికీ మాస్టారే. నేర్పే కారులో ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. "స్టీరింగ్ వాళ్ల చేతిలో, ప్రాణం నా కాలి కింద" అని నలుగురిలో నవ్వుతుంటాడు. ఊళ్లో సగంమంది ఆడవాళ్లకి నేర్పాడు. పెళ్లానికి మాత్రం నేర్పలేదు. "నీకు కంగారెక్కువ" అన్నాడు.

ఆయన పాఠానికి వెళ్లాక ఆమె చేతులు తుడుచుకుని బల్ల దగ్గర కూర్చుంది. కూతురి ఫోను తీసి, ఆయన పేరుతో తెరవమని చెప్పిపోయిన పాస్‌వర్డు కొట్టింది. 'మీ కుటుంబం' అని వచ్చింది. 'పెద్దలు' అని ఉన్నచోట కారుకి ఆనుకుని నవ్వుతున్న ఆయన బొమ్మ. దాని కింద 'పిల్లలు'.

పిల్లలు అన్నచోట అప్పటికే ఒకరున్నారు. ఆమె.

కూతురి బొమ్మకి బదులు తన బొమ్మ పడిందేమో అనుకుంది ముందు. తానే ఏదో తప్పు నొక్కి ఉంటాననుకుంది. ఏ వస్తువు చెడిపోయినా ముందు తన చెయ్యే చూసుకోవడం ఆమెకు అలవాటైపోయింది. బొమ్మ మీద నొక్కింది. తన పేరు. తన ఫోను. వయసు పన్నెండు. నలభైకి దగ్గరపడుతున్న మనిషికి పన్నెండేళ్లు. రాత్రి ఎన్నింటికి ఫోను ఆరిపోవాలో ఉంది. ఏవి తెరుచుకోకూడదో ఉంది. ఇంకా కిందికి జరిపితే ఊరి పటం వచ్చింది. అందులో ఆమె మొహమున్న గుండ్రటి చుక్క ఈ ఇంటి మీదే కూర్చుని ఉంది. నిన్నటి చుక్కలూ ఉన్నాయి, మొన్నటివీ ఉన్నాయి. పక్కగదిలో వాషింగ్ మిషను గడగడ ఊగుతోంది. ఆమె లేచి, ఎందుకో తనకే తెలియకుండా, కిటికీ తెర వేసి వచ్చి కూర్చుంది.

రాత్రి అన్నం తిని గిన్నెలు తోమి కాస్త నడుం వాల్చేసరికి ఫోను చచ్చిపోయేది. బ్యాటరీ పోయిందండీ అంటే, నీ చేతిలో పడితే ఏదైనా పోతుంది అనేవాడు. ఏదైనా యాప్ దింపుకోబోతే 'అడిగాం, జవాబు వచ్చేదాకా ఆగండి' అని వచ్చేది. ఎవర్ని అడిగిందండీ ఇది అంటే, కంపెనీవాళ్లని, వాళ్ల రూలు అన్నాడు. ఆమె పనిచేసే కళ్లద్దాల షాపు కన్నా మంచిచోట, అద్దాలు అరగదీసే చోట, ఉద్యోగం ఉందన్నారు. వివరాలన్నీ ఫలానా యాప్‌లో నింపి పంపమన్నారు. అది ఎంతకీ దిగలేదు. ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. "ఈ కాలంలో ఫోను వాడటం రాకపోతే ఎలాగమ్మా" అని షాపు ఓనరు జాలిపడ్డాడు. ఆమె సిగ్గుపడింది. వచ్చే దార్లో స్నేహితురాలి ఇంటికి తొంగిచూసి వస్తే చాలు, "కబుర్లయ్యాయా?" అనేది అత్తగారు. ఈవిడకి ఒళ్లంతా కళ్లే అనుకునేది. అన్నిటికన్నా ఒకటి గుండెలో గునపంలా దిగింది. ఒకసారి ఎవరికీ చెప్పకుండా ఆడడాక్టరు దగ్గరికి వెళ్లొచ్చింది. ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, "ఒంట్లో బాగుంటోందా నీకు?" అని అడిగాడు. ఇన్నేళ్ల కాపురంలో అడగనివాడు అడిగాడని, మొహం చూసి కనిపెట్టాడని, వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. ఎన్నిసార్లు తలుచుకుందో ఆ మాట. అత్తగారు సాధించిన రోజుల్లో దాన్ని పట్టుకునే నిలబడింది.

మొహం చూసి కాదు. చుక్క చూసి.

దాచుకోను కూడా లేదు ఆయన. పాస్‌వర్డు తన నోటితోనే చెప్పి పోయాడు. ఇది చూస్తుందని భయం లేదు, చూసినా అర్థం కాదని ధీమా.

"అయిందామ్మా?" అంటూ కూతురు వచ్చింది. ఇంట్లో దాన్ని పిడుగు అంటారు. తల్లి చేతిలో ఫోను చూసింది, తెర మీద ఉన్నది చూసింది, ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఇది నీకు తెలుసా?"

"తెలుసు. మధ్యాహ్నం నాన్న పడుకున్నప్పుడు ఆయన ఫోను నా దగ్గరే ఉంటుంది కదా. నువ్వేదైనా అడిగితే మోగుతుంది. నేనే నొక్కుతా."

"ఏమని?"

"వద్దు అని. నాన్న అన్నిటికీ అదే నొక్కమన్నాడు. అమ్మకి తెలీదు పాపం, ఎవరైనా మోసం చేస్తారు అన్నాడు."

ఆ 'పాపం' పిల్ల మనస్ఫూర్తిగానే అంది. ఉద్యోగానికి అడ్డుపడిన వేలు ఆయనది కూడా కాదేమో. తాను గోళ్లు తీసే వేలు, తాను అన్నం కలిపి పెట్టిన చెయ్యి. పిల్ల కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించింది.

"నాకు టైము పెట్టకమ్మా. పెట్టినట్టు చెప్పెయ్ చాలు. అలాగైతే నువ్వేది అడిగినా నేను సరే నొక్కుతా. నాన్నకి చెప్పను."

బేరం బాగుంది. ఒప్పుకుంటే ఈ పూట నుంచే ఆమె ఫోను తెరుచుకుంటుంది. చాటుగా బతకడం ఆమెకు రానిదేం కాదు. చాటుగా ఏడ్చింది, చాటుగా పుట్టింటికి ఫోను చేసింది, చాటుగా డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు తన కడుపున పుట్టింది, ఇంకా జడ సరిగా వేసుకోవడం రానిది, తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పక్కన నిలబడాలని నేర్చేసుకుంది. తల్లి మీద జాలిపడుతోంది కూడా. రేపు దాని మెడకి ఇలాంటిది ఎవడైనా తగిలిస్తే కిక్కురుమనకుండా తగిలించుకుంటుంది. లేదా తనే ఇంకొకరికి తగిలిస్తుంది. ఈ ఇంట్లో దానికి దొరికే చదువు ఆ రెండే.

"నీకు పెడతాను" అంది తల్లి. "నువ్వు చిన్నపిల్లవి కాబట్టి పెడతాను. నీ ఎదురుగానే పెడతాను, ఎందుకో చెప్పి పెడతాను. పెద్దయ్యాక నేనే తీసేస్తాను. ఇంకెప్పుడూ ఎవరి తరఫునా వద్దనీ నొక్కకు, సరేననీ నొక్కకు."

పిల్ల మూతి ముడుచుకుంది. ఆటలకి అరగంటేమిటి, జైల్లో కూడా ఇంతకన్నా ఇస్తారంది. నీకెవరు చెప్పారంది తల్లి. కొంతసేపు కొట్లాడుకుని గంటకి ఒప్పుకున్నారు. రాత్రి పడుకునేముందు ఫోను బల్ల మీద పెట్టెయ్యాలి, తల్లి కూడా పెట్టాలి అన్నది పిల్ల షరతు. సరేనంది.

"మరి నీది?"

తల్లి తన ఫోను తీసి, లోపలికీ లోపలికీ వెళ్లి వెతికింది. అడుగున దొరికింది. 'పర్యవేక్షణ ఆపండి. ఆపిన వెంటనే మీ పెద్దలకు తెలియజేస్తాం.'

"నొక్కకమ్మా, నాన్నకి మోగుతుంది" అంది పిల్ల కంగారుగా.

"అందుకే ఇప్పుడు నొక్కట్లేదు. ఆయన్ని రానీ."

మాస్టారు ఎండనపడి వచ్చాడు. కాళ్లు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు, ఫోను కంచం పక్కన పెట్టుకున్నాడు. పిల్లకి పెట్టావా అని అడిగాడు. పెట్టానంది. "చూశావా, నీక్కూడా వచ్చింది" అని తన తల్లి వంక తిరిగి నవ్వాడు. అత్తగారూ నవ్వింది. ఆమె అందరికీ వడ్డించింది. ఎప్పుడూ తర్వాత తినేది, ఆ పూట తన కంచం కూడా తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. కూర్చుని నొక్కింది.

కంచం పక్కన ఫోను మోగింది.

ఆయన చూశాడు. చూసి కూతురి వైపు తిరిగాడు. "ఏం నొక్కావే?"

"దాన్నడక్కండి, నేను నొక్కాను" అంది. "మీ ఫోన్లో నా వయసు పన్నెండేళ్లని ఉంది. ఇవాళ పెద్దమనిషినయ్యాను. మీవాళ్లందరికీ చెప్పుకోండి."

అత్తగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన అరవలేదు. అరిచే మనిషి కాదు. లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు, వీధి తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టాడు. వెనక్కి తిరక్కుండానే, చాలా మెత్తగా, "పిడుగూ, నువ్వు లోపలికెళ్లి తలుపేసుకో" అన్నాడు.

పిల్ల తండ్రి వీపు చూసింది, తల్లి మొహం చూసింది. ఇంకొంచెం అన్నం పెట్టమని కంచం తల్లి వైపు జరిపింది.