అక్షరాలు అరిగిన లాప్‌టాప్

పెద్దవాళ్ళని చూసుకునే హోమ్ వాళ్ళు ఇచ్చిన జాబితాలో చివరి వస్తువు లాప్‌టాప్. ఆరు జతల బట్టలు, రెండు దుప్పట్లు, జారని చెప్పులు, మందుల చీటీ, ఆ కింద 'మామూలు లాప్‌టాప్ ఒకటి, ఇంటివాళ్ళతో వీడియో కాల్ మాట్లాడుకోవడానికి' అని ఉంది. మా అక్కకి అసలు మాటే రాదు, వీడియోలో ఏం మాట్లాడుతుందమ్మా అని మేనేజరమ్మని అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఈమధ్య నాకు ఎవరినీ ఏదీ అడగబుద్ధి కావడం లేదు. సోమవారం అక్కని అక్కడ చేర్చాలి. శనివారం మధ్యాహ్నం పాత లాప్‌టాప్‌లు అమ్మే కొట్టుకి బయల్దేరాను.

ఒంటరిగా వదిలి వెళ్ళే వీల్లేదు కాబట్టి అక్కని కూడా వెంటబెట్టుకెళ్ళాను. ఐదు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు, నోరు మూడూ ఒకేసారి పడిపోయాయి. కాలు కొంత తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తుంది. చెయ్యి రాలేదు. "ఆవిడకి అన్నీ అర్థమవుతాయి, నోరే తిరగదు" అన్నాడు డాక్టరు. అర్థమవుతాయనడానికి నాకు దొరికిన సాక్ష్యం తల ఊపు ఒక్కటే. అన్నం పెట్టనా అంటే ఊపుతుంది. ఫ్యాను వెయ్యనా అంటే ఊపుతుంది. ఆపెయ్యనా అన్నా ఊపుతుంది. పలకా బలపం ఇస్తే ఎడమచేత్తో నాలుగు వంకర గీతలు గీసి విసిరికొట్టింది. ఫోన్ ఇస్తే ముట్టుకోనైనా లేదు. హోమ్‌కి వెళ్దామా అక్కా అన్నప్పుడూ అలాగే ఊపింది. నేను దాన్ని సరే కింద జమకట్టేసుకున్నాను.

పగలంతా నేను ఒక బట్టల కొట్లో కూర్చుని, జనం కొన్న ప్యాంట్లకి పొడవు తగ్గించి కుడుతుంటాను. నేను ఇంట్లో లేనప్పుడు అక్క స్నానాల గదిలో రెండుసార్లు పడింది. రెండోసారి మూడు గంటలు ఆ తడిలోనే ఉండిపోయింది. ఆ సాయంత్రమే హోమ్‌కి ఫోన్ చేశాను. ఏడవలేదు. ఏడుపు రావాల్సిన చోటల్లా నాకు ఏమీ రావడం లేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, మనిషిని మొత్తం అలా ఉన్నాను.

కొట్టతని చెవి మీద ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్ ఉంటుంది. వీధిలో అందరూ ఆయన్ని స్క్రూ అనే పిలుస్తారు, ఆయనా అలాగే పలుకుతాడు.

"ఏం పనికమ్మా?" అన్నాడు.

"వీడియో కాల్. అంతకుమించి మా ఇంట్లో ఎవరూ ఏమీ ఉద్ధరించరు."

"అయితే కొత్తది కొని డబ్బు తగలెయ్యకండి" అని బల్ల మీద మూడు పెట్టాడు.

మొదటిది వెండిరంగులో తళతళలాడుతోంది. మూత తెరిస్తే నిలబడలేదు, వెనక్కి వాలిపోయింది. గోడకి ఆనించుకుంటే భేషుగ్గా పనిచేస్తుందన్నాడు. "మా ఇంట్లో గోడకి ఆనుకునేవాళ్ళు ఇప్పటికే ఒకరున్నారు" అన్నాను. మనిషిని మొద్దుబారిపోయినా నోరు మాత్రం ఊరుకోదు నాది. రెండోది చేతిలో ఇమిడేంత చిన్నది, బ్యాటరీ ఇరవై నిమిషాలు కూడా ఆగదట. మూడోది నల్లగా, బరువుగా ఉంది. మూత గట్టిది, బ్యాటరీ మూడు గంటలు వస్తుంది, తెర మీద మచ్చ లేదు. కానీ మీటల మీద అక్షరాలు సగానికి సగం అరిగిపోయాయి.

"ఏదో ఆఫీసు సరుకమ్మా, దీని మీద ఎవరో తెగ కొట్టారు. లోపల మాత్రం రాయిలా ఉంది."

"అక్షరాలే లేకపోతే ఏం చూసుకుని కొడతారయ్యా?" అని నేను దాన్ని పక్కకి నెట్టాను. అక్క కర్రని బల్లకి ఆనించి, కుర్చీలో కూలబడి, ఎడమచేత్తో దాన్నే తన ముందుకి లాక్కుంది.

ఇది ముందే చెప్పాల్సింది. మర్చిపోయాను. ఈ ఐదు నెలల్లో అక్కంటే ఒక జబ్బు అన్నంతగా అయిపోయింది నాకు. అక్క ముప్పై ఏళ్ళు టైపు నేర్పింది. మీటల వంక చూసి కొట్టేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. ఏ మీట ఏ వేలిదో ఆ వేలే దాని మీద పడాలి. ఎడమచెయ్యి కుడివైపుకి వెళ్ళిందంటే స్కేలు దెబ్బే. నేను ఆవిడ దగ్గరే నేర్చుకుని పరీక్ష రెండుసార్లు తప్పాను. సొంత చెల్లెల్ని కదా అని ఒక్క దెబ్బ తగ్గించలేదు.

అక్క ఎడమచేతి వేళ్ళు వాటి చోట్లలో కుదురుకున్నాయి. చూపు తెర మీదే ఉంది. కొట్టడం మొదలుపెట్టింది. తెర మీద ఒకదానికొకటి పొంతన లేని రెండు అక్షరాలు పడ్డాయి. ఆగింది. మళ్ళీ ఒకటి కొట్టి ఆగింది.

"మీటలన్నీ పనిచేస్తాయమ్మా, పొద్దున్నే చూశాను" అన్నాడు స్క్రూ కంగారుగా.

మీటలు బాగానే ఉన్నాయి. అక్క ఎడమచెయ్యి తనవైపు అక్షరాలు మాత్రమే కొడుతోంది. కుడివైపు అక్షరం రావాల్సిన చోట ఆగి, ఆ చెయ్యి కోసం ఎదురుచూస్తోంది. ఒక్క చేత్తో అటూ ఇటూ కొట్టెయ్యొచ్చు, లోకమంతా అలాగే కొడుతోంది. మా అక్క చచ్చినా కొట్టదు.

"అటువైపు కూడా నువ్వే కొట్టెయ్ అక్కా" అన్నాను. అక్క నా మొహం చూసింది. తర్వాత నా కుడిచెయ్యి చూసింది.

నేను పక్కన కుర్చీ వేసుకుని కుడిచేతి వేళ్ళు ఆనించాను. అక్షరాలు అరిగిపోయినా, నా వేళ్ళకి చోట్లు తెలుసు. ఎంతైనా దెబ్బలు తిని నేర్చుకున్న చదువు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో అక్క కొడుతుంది, ఆగుతుంది. ఆగిన చోట ఏది కావాలో ఊహించి నేను కొడతాను. తప్పు కొడితే నా మణికట్టు మీద ఒక్కటి వేస్తుంది. స్క్రూ ఇంకో ఇద్దరికి బేరం చెప్పి పంపించాడు. పది నిమిషాలకి ఒక వాక్యం అయింది.

'నన్ను ఎవరూ అడగలేదు.'

"అడిగాను కదా! ఊపావు కదా!" అన్నాను. ఐదు నెలల తర్వాత నాకు మొదటిసారి కోపం వచ్చింది, అందరి ముందూ గొంతు లేచింది. "నువ్వు అక్కడ తడిలో పడి ఉంటే, నేను ఇక్కడ ఎవడి ప్యాంటో కుడుతూ కూర్చున్నాను. నేనేం చెయ్యను చెప్పు?"

అక్క వేళ్ళు తియ్యలేదు, తల కూడా ఊపలేదు.

"సరే, ఇప్పుడు అడుగుతున్నాను. సోమవారం హోమ్‌కి వెళ్తావా?"

ఈసారి అక్క తడుముకోలేదు. టకటకా కొట్టి ఆగింది. వద్దు అనే మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే, చివరి 'u' తప్ప మిగతావన్నీ ఎడమచేతి వైపే ఉన్నాయి. చివరిది ఒక్కటే నా వేలి కింద ఉంది.

అది నొక్కకపోతే అది మాట కాదు. స్క్రూకి అర్థం కాదు, మేనేజరమ్మకి తెలియదు. సోమవారానికి బండి కూడా మాట్లాడి పెట్టాను. నాకు అక్కని పంపించేసి ఇంటికొచ్చి పడుకోవాలని ఉంది. నిజంగానే ఉంది. అక్క తొందరపెట్టలేదు, నా చెయ్యి తట్టలేదు. తెర వంకే చూస్తూ కూర్చుంది.

నొక్కాను.

"ఇదే ఇమ్మంటారా అమ్మా?" అన్నాడు స్క్రూ. ఇదే ఇమ్మన్నాను. ఆయన దాన్ని తుడిచి సంచీలో పెడుతుంటే, కొట్టు మెట్ల మీదికి వచ్చి హోమ్‌కి ఫోన్ చేశాను. సోమవారం రావడం లేదని చెప్పాను.

"మరి పగలు ఆవిడని ఎవరు చూసుకుంటారు?" అంది మేనేజరమ్మ.

"తెలీదు."

"గది కూడా సిద్ధం చేసేశాం కదమ్మా. ఉన్నట్టుండి ఏమైంది?"

"మా అక్క వద్దంది" అన్నాను.

మా అక్క ఫలానా మాట అంది అని నేను ఎవరితోనైనా చెప్పి ఐదు నెలలైంది. మేనేజరమ్మ ఫోన్లో ఇంకా ఏదో అడుగుతూనే ఉంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.